ఇంజన్ పోయిందన్నారా? ఏ కొలత చెప్పింది?

మెకానిక్ నా కారు బానెట్ ఎత్తారు. రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కించారు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ "ఇంజన్ బోరుకొచ్చింది సార్, దింపాల్సిందే" అన్నారు. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మిస్సింగ్ కొడుతోంది, పికప్ లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది అని తీసుకెళ్లిన కారు అది. ఆ మాట వినగానే గుండె జారిపోయింది. ఇంటికొచ్చి టెన్షన్ కాస్త తగ్గాక ఒక ప్రశ్న తట్టింది: బోరుకొచ్చిందని, అంటే సిలిండర్ లోపలి గోడలూ రింగులూ అరిగిపోయాయని, ఆయన దేన్ని చూసి అన్నారు? గేజ్ పెట్టలేదు, ఒక్క ప్లగ్ కూడా విప్పలేదు.

వేల ఇంజన్లు విన్న చెవిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ చెవికి అందేది లక్షణం మాత్రమే. జ్వరం వచ్చిందంటే వంద కారణాలున్నట్టే, ఇంజన్ నీరసపడిందంటే కూడా చాలా కారణాలుంటాయి. ఇంజన్ దింపేంత పెద్ద మాట చెప్పే ముందు కొలత ఒకటి ఉండాలి. ఆ కొలతల్లో చాలావాటికి ఇంజన్ విప్పక్కర్లేదు కూడా.

పెట్రోల్ ఇంజన్ సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ, లోపలికి పీల్చుకున్న గాలిని దాదాపు పదో వంతు జాగాలోకి నొక్కుతుంది. అలా నొక్కుకుపోయి ఉంటేనే మంటకి బలం. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ సెకనుకి 25 సార్లు మండుతుంది. లోపలి ఒత్తిడి తప్పించుకోవడానికి ముఖ్యంగా మూడే దారులు: కింద పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి, పైన గాలీ పొగా వచ్చిపోయే వాల్వుల సందులోంచి, లేదా పైనుండే హెడ్‌కీ సిలిండర్లుండే బ్లాక్‌కీ మధ్య ఉండే గాస్కెట్ గుండా. ఏ దారిన పోయినా నడిపేవాళ్లకి తెలిసేది ఒకటే, బండి లాగడం లేదని. చిక్కేమిటంటే, ఒత్తిడి ఏమాత్రం పోకుండా నిప్పురవ్వ పుట్టించే ఒక ప్లగ్గో, దానికి కరెంటిచ్చే కాయిలో, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరో మొరాయించినా బండి అలాగే లాగడం మానేస్తుంది. ఈ రెండు రకాల జబ్బుల్నీ విడదీసేది కంప్రెషన్ టెస్ట్.

దీనికి ప్లగ్గులన్నీ విప్పుతారు, ఇగ్నిషన్, పెట్రోల్ రెండూ ఆపుతారు. ప్లగ్ రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పుతారు. గేజ్ ముల్లు ఎగిరెగిరి ఒకచోట నిలబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్లలో అది సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుంది. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. మూడింట్లో 170 ఉండి నాలుగోదాంట్లో 90 దగ్గరే ఆగిపోతే జబ్బు ఆ సిలిండర్‌లో ఉన్నట్టే.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది. ఆ బలహీనమైన సిలిండర్‌లోకి ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోస్తారు. ఆయిల్ పిస్టన్ మీదుగా అంచులకి జారి, రింగుల పక్క సందుని కాసేపు మూసేస్తుంది. మళ్లీ స్టార్టర్ తిప్పుతారు. ఈసారి ముల్లు 140 దాకా లేస్తే లీకు రింగుల దగ్గరే. బోరుకొచ్చిందన్న మాటకి ఆధారం దొరికింది. ముల్లు 90 దాటకపోతే లీకు పైన, అంటే వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉంది. అప్పుడు హెడ్ దించితే సరిపోవచ్చు, కింది భాగం జోలికి వెళ్లక్కర్లేదు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లూ ఒకేలా తగ్గితే ఆ రెండిటి మధ్య గాస్కెట్ కాలిపోయిందని గట్టిగా అనుమానించాలి. చెంచాడు ఆయిల్‌తో మొత్తం ఇంజన్ పనికీ సగం పనికీ తేడా తేలిపోతుంది.

ఇంకా గట్టి రుజువు కావాలంటే లీక్‌డౌన్ టెస్ట్ చేస్తారు. పిస్టన్‌ని పైకి తెచ్చి ఆపి, సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి, అది ఎటు బుసకొడుతోందో వింటారు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్ లేదా పగులు.

నా కారుకి రెండోచోట ఈ కొలతలు తీశారు. నాలుగు సిలిండర్లూ 165, 175 మధ్యే ఉన్నాయి. అంటే బోరు బాగానే ఉంది. తర్వాత కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ0302 అనే కోడ్ వచ్చింది, రెండో సిలిండర్ మిస్సవుతోందని. కోడ్ అక్కడితో ఆగుతుంది, ఎందుకు మిస్సవుతోందో చెప్పదు. ఆ అమ్మాయి, అవును, అక్కడ పని చేసేది ఒక అమ్మాయి, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి పెట్టింది. కోడ్ చెరిపి ఇంజన్ నడిపితే ఈసారి పీ0303 వచ్చింది. కాయిల్‌తో పాటే జబ్బూ కదిలింది. ఇంతకంటే శుభ్రమైన రుజువు నేను చూడలేదు.

ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి జిగురు చూపించి "గాస్కెట్ పోయింది, ఆయిల్‌లో నీళ్లు కలిశాయి" అనడం కూడా మామూలే. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరే ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. రోజూ చిన్న దూరాలే తిరిగే బండిలో ఆయిల్ బాగా వేడెక్కదు కాబట్టి ఆ తేమ చల్లటి మూతకి అంటుకుని మీగడ కడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉండి, కూలెంట్ తగ్గకపోతే తొందరపడొద్దు. కూలెంట్ తగ్గుతోందంటే బ్లాక్ టెస్ట్ చేయించాలి. రేడియేటర్ మూత దగ్గరి గాలిని నీలిరంగు ద్రవం గుండా లాగితే, సిలిండర్‌లో కాలిన గ్యాస్ అందులో ఉన్నప్పుడు రంగు పసుపుకి తిరుగుతుంది.

ఆయిల్ లైటు వెలిగితే ఇంజన్ వెంటనే ఆపాలి, అందులో వాదన లేదు. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కీ, దాన్ని మోసే బేరింగ్‌కీ మధ్య ఉండే సందు వెంట్రుక కంటే సన్నం. అక్కడ ఆయిల్ పొర లేకపోతే లోహం లోహాన్ని తినేస్తుంది. కానీ ఆ లైటుని వెలిగించే స్విచ్ కూడా పాడవుతుంది. దాన్ని విప్పి అక్కడ మామూలు ప్రెషర్ గేజ్ బిగిస్తే అసలు ఒత్తిడి ఎంతో తెలుస్తుంది.

శబ్దాల సంగతి కష్టం. లోహం శబ్దాన్ని ఎక్కడెక్కడికో మోసుకెళ్తుంది. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఎప్పుడూ క్రాంక్‌షాఫ్ట్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి, పైనుంచి వచ్చే టిక్‌టిక్ కూడా ఆ సగం లయలోనే ఉంటుంది. పిస్టన్‌నీ క్రాంక్‌షాఫ్ట్‌నీ కలిపే రాడ్ బేరింగ్ పోతే వచ్చే నాకింగ్, అంటే కొట్టుకునే శబ్దం, లోతుగా, లోడ్ పడినప్పుడు గట్టిగా వినిపిస్తుంది. ఆ సిలిండర్‌కి స్పార్క్ ఆపితే చాలాసార్లు తగ్గుతుంది. ఆటోమేటిక్ బండ్లలో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే ప్లేటు పగిలినా, దాని బోల్టులు వదులైనా అచ్చం ఇలాగే కొడుతుంది.

బేరింగ్ పోయిందన్న మాట నిజమో కాదో తెలియాలంటే ఆయిల్ ఫిల్టర్ కోయించండి. లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడాలి. కాస్త సన్నటి మసి మామూలే. మడతల మధ్య మెరిసే రేకులు కనిపించి, అయస్కాంతానికి అవి అంటుకోకపోతే బేరింగ్ పొర రాలుతున్నట్టే, ఎందుకంటే ఆ పొరని రాగి, తగరం, అల్యూమినియం లాంటి లోహాలతో చేస్తారు. అలాంటప్పుడు ఇంజన్ దింపాలన్న మొదటి మెకానిక్ మాటే నిజం. ఇంటిదాకా నడిపిద్దామని మాత్రం స్టార్ట్ చేయొద్దు. రాడ్ తెగితే బ్లాక్‌కే బొక్క పడుతుంది. బండిని లాగించుకుని వెళ్లండి, ఆ ఫిల్టర్ ముక్కల్ని ఒక కవర్‌లో వేసి వెంట పెట్టుకోండి.