చంటిపిల్లలతో విహారయాత్ర: అపోహలు - వాస్తవాలు

సెలవులకు ముందు మా క్లినిక్‌కు వచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "ఏ మందులు పట్టుకెళ్లాలి డాక్టరు గారూ?" చీటీ రాసిస్తాను. అంతకంటే ముందు, ఏ రోజు ఎక్కడెక్కడ తిరగాలనుకుంటున్నారో చెప్పమంటాను. సగం జబ్బులు అందులోనే దొరుకుతాయి.

అపోహ: ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం, అన్నీ చూసే రావాలి.

వాస్తవం: విశాఖ నుంచి అరకు ప్రయాణమే తీసుకోండి. దూరం సుమారు 115 కిలోమీటర్లు. పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే దారిలో 50కి పైగా సొరంగాలు. చీకటి, వెలుగు, మళ్లీ చీకటి. ఏడాదిన్నర పిల్లకు ఆ రోజుకు అంతకు మించిన వినోదం అక్కర్లేదు. పెద్దవాళ్లకు అది చాలదు. దిగీదిగగానే బండి మాట్లాడుకుని గిరిజన మ్యూజియం, చాపరాయి, కాఫీ తోటలు, తిరుగుదారిలో బొర్రా గుహలు. గుహల్లో తడి మెట్ల మీద పిల్లల తోపుడు బండి నడవదు. దిగేటప్పుడు ఉత్సాహంగా నడిచిన పిల్ల ఎక్కేటప్పుడు నాన్న చంక దిగదు. మధ్యాహ్నం నిద్ర కారులో ముక్కలవుతుంది. రాత్రి గదిలో గుక్కపట్టి ఏడుస్తుంటే దిష్టి తగిలిందని ఉప్పు వెతుకుతారు. నిద్ర చాలని పిల్లకు ఉప్పేం చేస్తుంది? పొద్దున ఒక్క చోటు, భోజనం వేళకు గది, ఎండ తగ్గాక కాస్త నడక చాలు. అరకులోనే రెండు రాత్రులు ఉండండి. బొర్రా గుహలు ఎక్కడికీ పోవు.

అపోహ: జలుబు సిరప్ ఒక మూత పోస్తే దారంతా నిద్రపోతుంది.

వాస్తవం: ఈ పని మాత్రం చేయకండి. మత్తు కలిగించే ప్రోమెథజైన్ వంటి మందులు రెండేళ్ల లోపు పిల్లల శ్వాసనే మందగింపజేయవచ్చు. కొందరు పిల్లలు నిద్రపోకపోగా మరింత చిరాకుపడి పేచీ పెడతారు. ఘాట్ రోడ్డులో వాంతులు రెండేళ్ల లోపు వాళ్లకు అరుదు. ఆ వయసు దాటితే బయలుదేరే ముందు కడుపు నిండా పాలు పట్టకండి, చేతికి ఫోను ఇవ్వకండి.

అపోహ: ఓఆర్‌ఎస్ పొడి కొంచెం పాలసీసాలో కలిపితే సరిపోతుంది.

వాస్తవం: లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడిని లీటరు శుభ్రమైన నీళ్లలో ఒకేసారి కలపాలి. అందాజుగా వేస్తే ఉప్పు ఎక్కువై విరేచనాల పిల్లకు ఇంకా చేటు. కలిపింది 24 గంటల్లో వాడాలి, మిగిలితే పారబోయాలి. తియ్యటి డబ్బా పానీయాలు దీనికి బదులు కావు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆరు నెలల లోపు పిల్లకు ఎండలోనైనా దాహానికి తల్లిపాలే, విడిగా నీళ్లు వద్దు.

అపోహ: ఐదేళ్ల లోపు రైలు టికెట్ అక్కర్లేదు కదా, పక్కన సర్దుకుంటుంది.

వాస్తవం: టికెట్ అక్కర్లేదన్నది నిజమే. సర్దుకునేది మాత్రం తల్లి. నాలుగేళ్ల పిల్లవాడి కాళ్లు రాత్రంతా ఆమె పొట్టలోనే ఉంటాయి. పూర్తి ఛార్జీ కట్టి బెర్తు తీసుకోండి.

అపోహ: అమ్మమ్మ వస్తోందిగా, పిల్లను ఆమె చూసుకుంటుంది.

వాస్తవం: అమ్మమ్మకూ సెలవే.

అపోహ: చెవులు నొప్పెడతాయి, చంటిపిల్లతో విమానం వద్దు.

వాస్తవం: విమానం కిందికి దిగడం మొదలుపెట్టగానే పాలు పట్టండి. మింగుతుంటే చెవిలో ఒత్తిడి సర్దుకుంటుంది. చెవి నొప్పి, చీము ఉంటే బయలుదేరే ముందే చూపించండి.