కుండలో నీళ్ళూ, కలహారి పరుగూ

తొమ్మిదో క్లాసు చదివే ఒక అబ్బాయి మొన్న ఒక ప్రశ్న వేశాడు. ఆఫ్రికాలో కుర్రాళ్ళు పరిగెత్తి పరిగెత్తి పెద్ద పెద్ద జంతువుల్ని పడగొడతారట కదా, జింక మనకన్నా చాలా స్పీడు కదా, ఇదెలా కుదురుతుంది అని. చాలా మంచి ప్రశ్న. ఉసేన్ బోల్ట్ టాప్ స్పీడు గంటకి 44 కిలోమీటర్లు, అదీ కొద్ది సెకన్లే, కుడు అనే జంతువు దాన్ని దాటేసి వెళ్ళిపోతుంది. కుడు అంటే మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములుండే పెద్ద జింక జాతి, మగదైతే 200 కిలోల పైనే తూగుతుంది. దాన్ని బొత్స్వానాలోని కలహారి ఎడారిలో సాన్ అనే ఆదివాసీ జనం కాళ్ళతో తరిమి పట్టుకున్నది నిజమే. లూయిస్ లీబెన్‌బర్గ్ అనే దక్షిణాఫ్రికా పరిశోధకుడు వాళ్ళతో కలిసి వెళ్ళి, తాను కూడా పరిగెత్తి, 2006లో ఆ వివరాలన్నీ పేపరుగా వేశాడు. మిట్టమధ్యాహ్నం, 40 డిగ్రీల అటూ ఇటూ ఎండ, 25-30 కిలోమీటర్ల దూరం, కొన్ని గంటల పరుగు. చివరికి కుడు ఇక కదల్లేక నిలబడిపోతుంది, వేటగాడు దగ్గరికెళ్ళి ఈటెతో పొడుస్తాడు.

దీనికి కారణం కాళ్ళలో కన్నా చర్మంలో ఎక్కువుంది. మట్టికుండ సంగతి ఆలోచించండి. ఎండాకాలం కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరైపోతుంది, ఆవిరవ్వడానికి కావాల్సిన వేడిని కుండలోంచే లాక్కుంటుంది. మన ఒళ్ళు అచ్చం అలాంటి కుండే. మనిషికి 20 నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులున్నాయి, చర్మం మీద వాటి సాంద్రత చింపాంజీకన్నా సుమారు పది రెట్లు ఎక్కువ. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. ఇప్పుడు లెక్క చూడండి, 50 కిలోల మనిషి ఒక కిలోమీటరు పరిగెడితే సుమారు 50 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి, గంటకి పది కిలోమీటర్లంటే 500, అందులో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది, అంటే గంటకి లీటరు చెమట దాదాపు ఆ లెక్క సరిచేసేస్తుంది, పైన ఎండ వేడికి ఇంకొంచెం కావాలి. గాలి 40 డిగ్రీలున్నప్పుడు అది చర్మం కన్నా వేడి, కాబట్టి గాలి మనల్ని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుంది, అప్పుడు చెమట ఒక్కటే దారి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన స్కూళ్ళల్లో పిల్లలు చెమట మాట బట్టీపట్టేది ఎక్కువగా ఎక్కడ? విసర్జన పాఠంలో, మూత్రపిండాల తర్వాత, "చర్మం కూడా విసర్జక అవయవమే" అనే లైనులో. పిల్లలు చెమటంటే ఒంట్లో మలినాలు పోవడం అని బట్టీపట్టి పెద్దయ్యాక కూడా అలాగే నమ్ముతారు. దాని అసలు పని చల్లబరచడం, అది ఫిజిక్స్ పాఠంలో బాష్పీభవనం దగ్గర గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క పాఠం సరిగ్గా చెప్తే జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదనే నమ్మకం దానంతటదే పోతుంది. ఉల్లిపాయ జేబులో కూర్చుని ఒక్క చుక్క చెమటని కూడా ఆవిరి చెయ్యదు. నీళ్ళు తాగండి, నీడకి వెళ్ళండి.

కుండ దగ్గరికే మళ్ళీ వద్దాం, అది ఇంకా చాలా చెప్తుంది. కుండకి రంగు పూసి రంధ్రాలు మూసేస్తే చల్లబడదు. ఒళ్ళంతా దట్టమైన బొచ్చు ఉంటే చెమట చర్మం దగ్గర కాకుండా బొచ్చు మీద ఆవిరవుతుంది, అంత లాభం ఉండదు, మనకి ఒంటి మీద వెంట్రుకలు పలచన. కుండకి గాలి తగిలితే ఇంకా చల్లబడుతుంది, పరిగెత్తే మనిషి ఆ గాలిని తనే పుట్టించుకుంటాడు. కుండలో నీళ్ళు అయిపోతే కథ ముగిసింది, అందుకే వేటగాళ్ళు బయల్దేరేముందు పట్టినన్ని నీళ్ళు తాగేస్తారు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, గాలిలో తేమ ఉంటే కుండ పనిచెయ్యదు. మే నెలలో విశాఖలో చెమట కారుతుందే కానీ ఆరదు, అనంతపురంలో ఎండ ఎక్కువే అయినా నీడలో ప్రాణం కుదుటపడుతుంది. కలహారి పొడి గాలి ఈ వేటకి అనుకూలించిన కారణం ఇదే.

మరి కుడు సంగతేంటి? అది ప్రధానంగా రొప్పుతూ చల్లబడుతుంది, అంటే వేగంగా పైపైన ఊపిరి తీస్తూ ముక్కు, నోరు, గొంతులోని తడిని ఆవిరి చేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ నాలుగు కాళ్ళతో దౌడు తీసేటప్పుడు ప్రతి గెంతుకీ ముందరి కాళ్ళ దెబ్బ ఛాతీ మీద పడుతుంది, పొట్టలోని అవయవాల బరువు ముందుకీ వెనక్కీ ఊగి డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరని, తోస్తుంది. అందుకని ఒక గెంతుకి ఒక ఊపిరి, అంతే, లాక్ అయిపోతుంది. బ్రాంబుల్, క్యారియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1983లో దీన్ని కొలిచి చూపించారు. దౌడు, రొప్పు రెండూ ఒకేసారి కుదరవు. మనిషి రెండు కాళ్ళ మీద ఉంటాడు కాబట్టి నాలుగు అడుగులకొక ఊపిరి, రెండు అడుగులకొకటి, ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు.

నా మోటు లెక్క చెప్తాను. 200 కిలోల జంతువు ఒక కిలోమీటరు పరిగెడితే సుమారు 400 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది, దాని ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 700 కావాలి, అంటే వేడి బయటికి పోకపోతే కిలోమీటరుకి అర డిగ్రీ పైనే. ఐదు కిలోమీటర్ల దౌడుకి మూడు డిగ్రీలు! జింక జాతుల మెదడు అడుగున రక్తాన్ని చల్లబరిచే సన్నటి ధమనుల వల ఒకటుంది, దానివల్ల ఒళ్ళు కాలిపోతున్నా మెదడు కొంచెం చల్లగా ఉంటుంది, అయినా ఎంతసేపు? పెద్ద జంతువుకి బరువుతో పోలిస్తే చర్మం తక్కువ, లోపలి వేడి నెమ్మదిగా పోతుంది. అందుకే పెద్దదాన్ని ఎంచుకోవడంలో మాంసం ఆశ ఒక్కటే లేదు, ఫిజిక్స్ కూడా ఉంది. బరువైన కొమ్ములున్న మగవి ముందు అలసిపోతాయని కూడా వేటగాళ్ళు లీబెన్‌బర్గ్‌కి చెప్పారు. పున్నమి తర్వాతి రోజు వేట బాగుంటుందని ఇంకో మాట. వినగానే మూఢనమ్మకం అనిపిస్తుంది కానీ కారణం అడిగితే, వెన్నెల్లో జంతువులు రాత్రంతా తిరుగుతూనే ఉండి పొద్దుటికి అలసిపోయి ఉంటాయి అంటారు. కారణం చెప్పగలిగి, రేపు వెళ్ళి సరిచూడగలిగే మాట ఉల్లిపాయ మాట లాంటిది కాదు.

అయితే కుడు మొదట్లో దూసుకెళ్ళి కనపడకుండా పోతుంది, పొద నీడలో నిలబడి రొప్పి చల్లబడుతుంది. అది పూర్తిగా చల్లబడేలోపు వేటగాడు అక్కడికి చేరాలి, లేకపోతే పడ్డ శ్రమంతా వృథా. ఎలా చేరతాడు? అడుగుజాడ చదివి. ఇసుకలో గిట్ట గుర్తు, అంచు ఇంకా పదునుగా ఉందా, గాలికి రాలిందా, అడుగు లాగుతోందా, మంద నుంచి విడిపోయిందా, మళ్ళీ కలిసిందా, ఇవన్నీ పరిగెడుతూనే చూడాలి. జాడ పోతే తనే కుడు అయితే ఎటు వెళ్ళేవాడో ఊహించుకుని అటు వెళ్ళాలి. పికరింగ్, బన్ అనే శాస్త్రవేత్తలు 2007లో ఆది మానవుడు కూడా ఇలాగే పరిగెత్తి వేటాడేవాడనే సిద్ధాంతం మీద వేసిన గట్టి ప్రశ్న కూడా ఇదే, అంత పాతకాలపు మనిషికి ఇంత జాడ చదివే తెలివి ఉండేదా అని. మంచి ప్రశ్న, ఎముకల్ని చూసి దానికి జవాబు చెప్పడం కష్టం. ఇటీవలి చరిత్ర మాత్రం బలంగానే ఉంది, 2024లో మోరిన్, వింటర్‌హాల్డర్ అనే పరిశోధకులు పాత యాత్రికుల రాతలూ రికార్డులూ వెతికి ప్రపంచంలో 272 ప్రాంతాల్లో ఇలాంటి తరిమే వేట జరిగినట్టు రాసి ఉందని తేల్చారు.

కుర్రాళ్ళ దగ్గర ఊపిరి ఉంటుంది, ఈ చదువు ఉండదు. నలభై సమాజాల లెక్కలు కలిపి చూసిన 2020 పరిశోధన ప్రకారం వేట నేర్పు శిఖరానికి చేరేది 30-35 ఏళ్ళ మధ్య, కాళ్ళలో బలం అంతకుముందే శిఖరానికొచ్చినా సరే. కలహారి ఉత్తర భాగంలో ఉండే జుహోన్సి జనంలో, వాళ్ళు ఎక్కువగా విషబాణంతో వేటాడేవాళ్ళు, కుర్రాడు తొలి పెద్ద జంతువుని కొట్టాకే పెళ్ళికి తగినవాడని, అప్పుడు అతనికి ప్రత్యేకంగా ఒక తంతు చేస్తారని 1950ల్లో వాళ్ళ మధ్య ఉన్న లోర్నా మార్షల్ రాశారు. అలా గెలిచొచ్చిన కుర్రాణ్ణి ఎవరూ పొగడరు, ఇంత బక్కదాని కోసమా మమ్మల్ని మోయడానికి పిలిచావు అంటారు. కుర్రాడికి తల తిరిగి, నేను నాయకుణ్ణి, మిగతావాళ్ళు నా పనోళ్ళు అనుకోకూడదని అలా చేస్తారని రిచర్డ్ లీ అనే మానవశాస్త్రవేత్తకి వాళ్ళే చెప్పారు. నాకు ఇది చాలా నచ్చుతుంది, మన ర్యాంకుల హోర్డింగుల ఊళ్ళకి ఈ పద్ధతి కొంచెం వస్తే బాగుణ్ణు.

ఇప్పుడు ఈ వేట దాదాపు ఆగిపోయింది. సెంట్రల్ కలహారి రిజర్వు నుంచి 1997లో, 2002లో జనాన్ని బయటికి పంపారు, 2006లో బొత్స్వానా హైకోర్టు అది తప్పని, వేట లైసెన్సులు ఆపడం కూడా చట్టవిరుద్ధమని తీర్పిచ్చినా లైసెన్సులు రావడం కష్టమే అయింది. లీబెన్‌బర్గ్ మాత్రం అక్షరాలు రాని జాడగాళ్ళు బొమ్మలు నొక్కి తాము చూసింది నమోదు చేసేలా సైబర్‌ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు, జాడ చదవడంలో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా మొదలుపెట్టాడు. ఆ పరీక్షలో గిట్ట గుర్తు చూపించి ఏ జంతువు, ఏం చేస్తోంది అని అడుగుతారు.