దాంపత్య తృప్తి: 1938 నుంచి సాగుతున్న వెతుకులాట

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే తెలుగు కుర్రకారు నోట కొత్త మాటలు వినిపిస్తున్నాయి. "నాది యాంగ్జియస్ టైపు, వాడు అవాయిడెంట్. మాకు ఎలా పడుతుంది?" అంటుంది ఒకమ్మాయి. తనకు వదిలేస్తారేమోనన్న బెంగ, అతనికి దగ్గరితనమంటే ఇబ్బంది అని ఆమె భావం. అదే వారం ఊళ్ళో అమ్మానాన్నలు ఆ అమ్మాయి జాతకం పట్టుకుని పొంతన చూపిస్తుంటారు. పద్ధతులు వేరైనా నమ్మకం ఒకటే: ఇద్దరి తీరూ ముందే తేల్చేసుకుంటే కాపురం ఎలా ఉంటుందో తెలిసిపోతుందని. మనస్తత్వశాస్త్రం కూడా మొదట ఇదే నమ్మింది. తర్వాత చాలా దూరం వచ్చింది. ఆ సంగతి పిల్లలకీ పెద్దలకీ ఇంకా సరిగా చేరకపోవడమే నా బాధ.

1938లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు లూయిస్ టర్మన్ 792 కాలిఫోర్నియా జంటలను ప్రశ్నించి ఒక పుస్తకం వేశాడు. తెలివితేటలను అంకెల్లో కొలిచే స్టాన్‌ఫర్డ్-బినే పరీక్షను తయారుచేసింది ఈయనే. మనిషిని కొలిస్తే మనిషి భవిష్యత్తు దొరుకుతుందన్న ధీమానే దాంపత్యానికీ వర్తింపజేశాడు. అమ్మానాన్నల కాపురం బాగుండటం, బాల్యం సంతోషంగా గడవడం, తల్లితో గొడవలు లేకపోవడం వంటివి పెళ్ళిలో సుఖానికి పునాదులని తేల్చాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ లెక్కన పెళ్ళినాటికే అంతా రాసిపెట్టి ఉన్నట్టు! కష్టమైన ఇంట్లో పెరిగిన పిల్లలకి ఇంతకంటే అన్యాయమైన మాట ఉంటుందా?

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు కొలబద్దలు తయారుచేయడంలోనే గడిచాయి. 1976లో గ్రాహం స్పానియర్ అనే పరిశోధకుడు దంపతుల మధ్య పొత్తు ఎలా ఉందో కొలిచే 32 ప్రశ్నల కొలమానం తెచ్చాడు, అది ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. 

ఇక ఆ యాంగ్జియస్, అవాయిడెంట్ సంగతి. పసిపిల్లలు తల్లిని అంటిపెట్టుకునే తీరు మీద జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు చేసిన పనిని మనస్తత్వవేత్తలు సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ 1987లో ప్రేమికులకు అన్వయించారు. డెన్వర్‌లో ఒక దినపత్రికలో మూడు చిన్న పేరాలు అచ్చువేసి, మీకు ఏది సరిపోతుందో టిక్కు పెట్టమని పాఠకులను అడిగారు. సగానికి పైగా తమకు ఎదుటివారి మీద భరోసా ఉందన్నారు. మిగిలినవారిలో కొందరికి దగ్గరితనమంటే ఇబ్బంది, కొందరికి వదిలేస్తారేమోనన్న బెంగ. పరిశోధకులే 1998 నాటికి ఈ మూడు గడులను పక్కనపెట్టి, బెంగ ఎంత, దూరం జరిగే గుణం ఎంత అని రెండు కొలతలుగా చూడటం మొదలుపెట్టారు. ఆ పాళ్ళు వయసుతో, తోడుతో మారతాయి. ఇన్‌స్టాగ్రామ్ రీళ్ళలో మాత్రం పాత గడులే తిరుగుతున్నాయి. పాతికేళ్ళ పిల్ల తన మీద జీవితాంతపు ముద్ర వేసుకుంటుంటే చూడలేం.

మలుపు తిప్పినవారు అమెరికా మనస్తత్వవేత్తలు జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్. స్వభావం గురించి అడగడం మాని, భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, గుండె వేగం కొలుస్తూ, మాట్లాడుకోమన్నారు. తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గాట్‌మన్ ఒక అపార్ట్‌మెంటునే ప్రయోగశాలగా మార్చాడు. ఆయన పట్టుకున్నది చాలా చిన్న విషయం. వైట్‌ఫీల్డ్‌లో ఓ రెండు గదుల ఫ్లాట్ అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నర. భర్త సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటుకుని వచ్చి సోఫాలో ఫోన్ చూస్తున్నాడు. ఇంకో పావుగంటలో అమెరికా క్లయింటుతో కాల్ ఉన్న భార్య, "అమ్మ కర్నూలు బస్సులో గోంగూర పచ్చడి పంపింది" అంటుంది. "అవునా, మూత తియ్యి చూద్దాం" అనొచ్చు. తలెత్తకుండా "ఊఁ" అనొచ్చు. "ఇప్పుడేగా వచ్చాను, కాసేపు వదిలెయ్" అనొచ్చు. ఇలాంటి పిలుపులకు, ఆరేళ్ళ తర్వాతా కలిసి ఉన్న జంటలు నూటికి 86 సార్లు పలికాయనీ, విడిపోయినవి 33 సార్లేననీ గాట్‌మన్ చెప్పాడు. విడాకులను తొంభై శాతానికి పైగా ముందే చెప్పగలనన్న ఆయన ప్రకటనను మాత్రం నేను నమ్మను. విడిపోయింది ఎవరో తెలిశాక కట్టిన లెక్క అదని తోటి శాస్త్రవేత్తలే ఎత్తిచూపారు.

మన దేశం వైపు వస్తే, పెద్దలు తరచూ చెప్పేది 1982 నాటి జైపూర్ అధ్యయనం: ప్రేమ పెళ్ళిలో ప్రేమ తగ్గుతూ పోతుంది, పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో పెరుగుతుంది అని. చూసింది యాభై జంటలను. అదీ ఏళ్ళ తరబడి వెంటాడి కాదు, కొత్త జంటలనూ పాత జంటలనూ ఒకేసారి పోల్చి. 2012లో అమెరికాలోని భారతీయుల మీద చేసిన అధ్యయనంలో రెండు రకాల పెళ్ళిళ్ళకీ తేడాయే కనబడలేదు. పెళ్ళి ఎలా కుదిరిందన్న వాదన ఇక చాలించవచ్చు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 1970ల నుంచీ ఫ్యామిలీ సైకియాట్రీ విభాగం నడుస్తోంది. అక్కడ ఒక్క మనిషిని కాదు, ఇంటిని మొత్తంగా కూర్చోబెట్టి మాట్లాడతారు.

పాత నమ్మకాన్ని గట్టిగా కుదిపింది 2020. మనస్తత్వవేత్త సమంతా జోయెల్ బృందం 43 అధ్యయనాల్లోని 11,196 జంటల సమాచారాన్ని కంప్యూటర్ చేత జల్లెడ పట్టించింది. బంధంలో తృప్తితో అన్నిటికంటే బలంగా ముడిపడినవిగా తేలినవి: ఎదుటివారు ఈ బంధానికి కట్టుబడి ఉన్నారన్న నమ్మకం, ఒకరంటే ఒకరికి మెప్పు, శారీరక తృప్తి, అవతలివారు సంతోషంగా ఉన్నారన్న భావన, గొడవలు ఎంత తరచుగా అన్నది. ఎవరి బెంగలూ దిగుళ్ళూ వారి తృప్తిని కొంత తగ్గిస్తాయి. కానీ అబ్బాయి తన గురించి తాను చెప్పుకున్నదాన్ని చేర్చినా, అమ్మాయి తృప్తి గురించి కొత్తగా తెలిసింది దాదాపు శూన్యం. అమ్మాయి వైపు నుంచీ అంతే. మన పెళ్ళి బయోడేటాలో ఉండేదంతా ఇలా ఒకరు తమ గురించి తాము చెప్పుకున్నదే.

బెంగళూరు జంటలకు మరీ అవసరమైనది మరొకటుంది. 1995లో మనస్తత్వవేత్తలు బెంజమిన్ కార్నీ, థామస్ బ్రాడ్‌బరీ 115 దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూసి, బయటి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకుండా దాంపత్యం అర్థం కాదన్నారు. ఒత్తిడి పెరిగితే ఓర్పున్నవాళ్ళు కూడా తప్పంతా పక్కమనిషి గుణం మీదకు నెడతారు. రాత్రి షిఫ్టు, ఈఎంఐ, ఊళ్ళో నాన్న ఆరోగ్యం... ఇవన్నీ చివరికి "నువ్వు మారిపోయావు" అన్న నిష్ఠూరంగా బయటపడతాయి. స్విట్జర్లాండ్‌లో గీ బోడెన్‌మన్ అనే మనస్తత్వవేత్త దీనికోసమే జంటలకు ఒక శిక్షణ రూపొందించాడు. ఒకరు ఇంటికి సంబంధం లేని తమ కష్టం ఒకటి చెబుతారు. రెండోవారు సలహా ఇవ్వకుండా వింటారు, తర్వాత ఆసరాగా నాలుగు మాటలంటారు. ఆ మాటల్లో ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో మొదటివారు విప్పి చెబుతారు. తర్వాత వంతులు మార్చుకుంటారు.