సీడీ ప్లేయర్: షోరూమ్ మాటలు, బెంచ్ మీద నిజాలు

ఖరీదైన సీడీ ప్లేయర్ల గురించి తిరిగే కబుర్లలో కొన్ని అమ్మేవాళ్లు పుట్టించినవి, కొన్ని కొన్నవాళ్లు పెట్టిన డబ్బుకి సర్దిచెప్పుకోవడానికి పెంచి పోషించినవి. నేను ప్లేయర్లు అమ్మను, బాగుచేస్తాను. హైదరాబాద్‌లో నా బెంచ్ మీదకి పాత ఫిలిప్స్, మరాంజ్‌ల నుంచి ఎసోటరిక్ దాకా వస్తుంటాయి. కొత్తగా ఈ సరదాలో పడినవాళ్లు, అటక మీద నుంచి పాత పెట్టె దించినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి ఒక్కచోట రాస్తున్నాను. కొన్ని జవాబులు కొందరికి నచ్చవు. ఫర్వాలేదు.

అపోహ: డిజిటల్ శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుంది, ఖరీదైన ప్లేయర్ ఆ మెట్లను నున్నగా చేస్తుంది

వాస్తవం: ఆ మెట్ల బొమ్మ బ్రోచర్లలో ఉంటుంది కానీ ప్లేయర్ వెనక సాకెట్లోంచి బయటికి రాదు. సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే శబ్దపు అలని అన్నిసార్లు కొలిచిన అంకెలు, ఒక్కోటి 16 బిట్లు. 22 కిలోహెర్ట్జ్ లోపు శబ్దం ఏదైనా ఆ శాంపిళ్ల నుంచి పూర్తిగా తిరిగి కట్టవచ్చని క్లాడ్ షానన్ అనే గణితవేత్త 1949లోనే గణితంతో చూపించాడు. కట్టే పని ప్లేయర్‌లోని ఫిల్టర్‌ది. వెయ్యి హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఉన్న డిస్క్ పెట్టి అలని తెర మీద చూపించే ఆసిలోస్కోప్‌కి కలిపితే, మూలన పడేసిన డీవీడీ ప్లేయర్ నుంచి కూడా నున్నటి అలే కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ మెట్లు నిజంగా చూడాలంటే ఫిల్టర్ తీసేసి 'సహజమైన శబ్దం' అని అమ్మే కొన్ని ఖరీదైన నాన్ ఓవర్‌శాంప్లింగ్ ప్లేయర్లలోనే చూడాలి!

అపోహ: ఎన్ని ఎక్కువ బిట్లుంటే అంత మంచి ప్లేయర్

వాస్తవం: 1982 అక్టోబర్ 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సోనీ సీడీపీ-101లో అంకెల్ని శబ్దపు అలగా మార్చే 16 బిట్ల కన్వర్టర్ ఉంది, కానీ కుడి ఎడమలకి అదొక్కటే, వంతులవారీగా పనిచేస్తుంది. అదే కాలపు ఫిలిప్స్ సీడీ100లో ఉన్నది 14 బిట్ల చిప్పే. దానికి నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ల మధ్య లెక్కగట్టిన కొత్త శాంపిళ్లు చేర్చడం) కలిపి 16 బిట్లకి దగ్గరి ఫలితం రాబట్టారు. బిట్ల లెక్కతో గెలుపోటములు తేలవని ఆ మొదటి తరమే చెప్పింది. తర్వాత వచ్చిన ఫిలిప్స్ టీడీఏ1541ఏ మీద, ముఖ్యంగా కిరీటం గుర్తున్న చిప్ మీద, జనానికి భక్తి ఎక్కువ. ఫ్యాక్టరీలో కొలిచి ఏరిన చిప్పులకే ఆ గుర్తు వేసేవారు, మంచి చిప్ అన్నమాట నిజమే. అందుకే మామూలు చిప్ మీద కిరీటం అచ్చేసి అమ్మేవాళ్లు కూడా తయారయ్యారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఎగిరి గంతేయకండి.

అపోహ: రెండు ప్లేయర్లు మార్చి మార్చి విన్నాను, ఖరీదైనది వేసినప్పుడు పాటకి ప్రాణం వచ్చింది

వాస్తవం: మీ చెవిని నేను అనుమానించడం లేదు. తేడా వినిపించే ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న.

సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ గరిష్ఠంగా 2 వోల్టులుండటం వాడుకలో స్థిరపడింది. అందరూ దానికి కట్టుబడరు. కొన్ని 2.2, కొన్ని 2.5 వోల్టులిస్తాయి. 2కీ 2.5కీ మధ్య తేడా దాదాపు 2 డెసిబెల్స్. ఆంప్లిఫయర్ వాల్యూమ్ ముట్టుకోకుండా ప్లేయర్ మారిస్తే అంత తేడాని మన మెదడు 'సౌండ్ పెరిగింది' అని చెప్పదు. 'బేస్ నిండుగా ఉంది', 'గొంతు ముందుకొచ్చింది', 'మృదంగం మీద వేలు పడటం తెలుస్తోంది' అని చెబుతుంది. డెమో ఇచ్చేవాళ్లకి ఈ కిటుకు బాగా తెలుసు.

ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. 100 హెర్ట్జ్ టోన్ ఒకటి సీడీలో రాయించుకోండి. అది మోగుతుండగా స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి కొలవండి. చౌక మీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో తప్పు చూపిస్తాయి, అందుకే 100. రెండో ప్లేయర్‌కి వాల్యూమ్ సర్ది అదే వోల్టేజీకి తీసుకురండి, ఒక్క శాతం కూడా తేడా రాకుండా. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా ప్లేయర్లు మార్చమని, ఏది మోగుతోందో చెప్పొద్దని చెప్పి వినండి. లక్షల తేడా ఉన్న రెండు పెట్టెల మధ్య కూడా ఊహించడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. అసలు తేడాయే ఉండదని నేననడం లేదు. అవుట్‌పుట్ స్టేజ్‌లో వాల్వులు పెట్టినవి, ఫిల్టర్ తీసేసినవి, కెపాసిటర్లు ఎండిపోయినవి వేరుగానే వినిపిస్తాయి.

ఎస్ఏసీడీ, అంటే సీడీకంటే ఎక్కువ వివరాలతో రాసే సూపర్ ఆడియో సీడీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్షలో, హై రిజల్యూషన్ డిస్కుల నుంచి వచ్చే శబ్దాన్ని మధ్యలో సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు 44.1కి కుదించే దారి గుండా పంపి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. ఎస్ఏసీడీ డిస్క్ బాగుందంటే చాలాసార్లు కారణం దాన్ని శ్రద్ధగా మాస్టరింగ్ చేసి ఉండటమే.

మరి ఎక్కువ డబ్బు దేనికి?

మెకానిజానికి. ఇది నేను గట్టిగా నమ్మే మాట. పాత ఫిలిప్స్ స్వింగ్ ఆర్మ్ మెకానిజాల్లో లోహపు పోత, ఊగే చేయి చూస్తే ముచ్చటేస్తుంది. ఎసోటరిక్ వీఆర్‌డీఎస్‌లో డిస్కుని పెద్ద పళ్లెంతో బిగించి పట్టుకుంటారు. గట్టి పవర్ సప్లై, చప్పుడు లేని ట్రే, పదేళ్ల తర్వాత కూడా విప్పి బిగించగలిగే నిర్మాణం, వీటికి డబ్బు పెట్టడంలో తప్పులేదు. మొదట అడగాల్సిన ప్రశ్న మాత్రం 'శబ్దం ఎలా ఉంది' అన్నది కాదు. 'దీని పికప్ (డిస్కుని చదివే లేజర్, లెన్స్ ఉన్న భాగం) ఇప్పటికీ దొరుకుతుందా?' అని అడగండి. స్వింగ్ ఆర్మ్ పికప్‌ల తయారీ ఆగి చాలా కాలమైంది. వాటి యజమానులు అదే మెకానిజం ఉన్న ఇంకో పాత ప్లేయర్ కొని, విడిభాగాల కోసం దాచుకుంటారు. పేరు గొప్ప పెట్టె, పికప్ దొరకదు అంటే హాల్లో షోపీస్ కొన్నట్టే.

అపోహ: డిస్క్ చదవట్లేదంటే లెన్స్ పోయినట్టే

వాస్తవం: ఇది రోజూ వినే మాట. రిటైరైన ఒక పెద్దాయన ప్లేయర్ చంకలో పెట్టుకుని వచ్చారు.

"లెన్స్ పోయిందట, మార్చెయ్యి బాబూ. ఎంతవుతుందో చెప్పు చాలు."

"ఎవరు చెప్పారండీ పోయిందని?"

"మా వీధిలో టీవీ బాగుచేసే కుర్రాడు. అప్పటికీ స్క్రూ ఏదో తిప్పి చూశాడు, రెండు వారాలు పాడింది."

ఆ 'స్క్రూ ఏదో' అన్నదే కొంప ముంచేది. మూత విప్పి డిస్క్ లేకుండా ఆన్ చేసి పక్క నుంచి చూస్తే లెన్స్ రెండు మూడు సార్లు పైకీ కిందికీ కదులుతుంది. డిస్క్ ఎక్కడుందో వెతుక్కోవడం అది. ఆ కదలిక ఉందంటే ఫోకస్ కాయిల్ బతికే ఉందని అర్థం. ఆయన ప్లేయర్ దేవుడి గూటి కిందే ఉంటుందట. లెన్స్ మీద టార్చ్ వాలుగా వేస్తే పల్చటి గోధుమరంగు పొర కనిపించింది. అగరుబత్తి పొగ, వంటింటి నూనె ఆవిరి, దుమ్ము కలిసి కట్టే పొర అది. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, దూదిపుల్ల బరువు తప్ప ఇంకే బరువూ పడనంత తేలిగ్గా, మధ్య నుంచి అంచుకి తుడవాలి. థిన్నర్, సెంటు స్ప్రే లాంటివి వాడితే ప్లాస్టిక్ లెన్స్ మసకబారిపోతుంది. చీపురు కుచ్చులు అతికించిన క్లీనింగ్ డిస్కులు నేను వాడను, లెన్స్‌ని పట్టి ఉంచే సన్నటి తీగలు వంగితే ఇక అంతే.

తర్వాత ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని బోర్డు మీద ఆర్ఎఫ్ టెస్ట్ పాయింట్‌కి, అంటే పికప్ చదివిన సిగ్నల్ దొరికే చోటికి తగిలించాలి. డిస్క్ తిరుగుతుంటే తెర మీద వజ్రాల వరుసలా ఒక నమూనా వస్తుంది, దాన్ని ఐ ప్యాటర్న్ అంటారు. వజ్రాల మధ్య ఖాళీలు శుభ్రంగా ఉంటే పికప్‌కి ఇంకా ఆయుష్షు ఉంది. మసకగా, పొట్టిగా ఉంటే లేజర్ నీరసపడింది, లేదా లెన్స్ కింది అద్దానికి కూడా మురికి పట్టింది. నీరసపడిన లేజర్‌కి కరెంటు పెంచేదే ఆ కుర్రాడు తిప్పిన స్క్రూ, ప్రీసెట్ అంటారు. పెంచగానే పాట వస్తుంది, కొన్నాళ్లకి లేజర్ పూర్తిగా చస్తుంది. పెద్దాయన పికప్ మార్చక తప్పలేదు. మొదటే తుడిచి ఉంటే ఎన్నాళ్లు వచ్చేదో ఏమో.

ట్రే బయటికి రాకపోతే పదింట ఎనిమిది సార్లు సాగిపోయిన రబ్బరు బెల్ట్. పాట మధ్యలో ఎగిరితే పట్టాల మీద ఎండిపోయిన గ్రీజు కావచ్చు, స్పిండిల్ మోటార్ అరిగి ఉండొచ్చు, బోర్డు మీద సోల్డర్ పగిలి ఉండొచ్చు. ఇవేవీ లెన్స్ కాదు. ఇంకో జాగ్రత్త: మూత తీసి లెన్స్‌లోకి తొంగి చూడకండి. 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ అది, సన్నటి ఎర్ర చుక్కలా కనిపిస్తే గొప్ప. కంటికి ఆనకపోయినా కన్ను మీద పడుతుంది.

అపోహ: మెరిసే వైపు గీత పడితే సీడీ పాడైనట్టే, బొమ్మ వైపు ఏమైనా ఫర్వాలేదు

వాస్తవం: తిరగేసి చదువుకోండి. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ కాపలా ఉంటుంది. లేజర్ ఆ పైతలం మీద వెడల్పుగా పడి, లోపలికి వెళ్లాకే ఫోకస్ అవుతుంది, కాబట్టి చిన్న గీతలు దానికి లెక్కలోకి రావు. పైగా డేటాని చెల్లాచెదురు చేసి రాసి, తప్పుల్ని సరిచేసే రీడ్-సోలమన్ కోడ్ వల్ల దారి పొడవునా 2.5 మిల్లీమీటర్ల దాకా పోయినా పూర్తిగా తిరిగి రాబట్టవచ్చు. అల్యూమినియం పొర ఉన్నది బొమ్మ వైపు, పల్చటి లక్క కింద. అక్కడ బాల్‌పెన్‌తో పేరు రాస్తే, స్టిక్కర్ అతికించి పీకితే డేటాయే ఊడొస్తుంది. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు, మధ్య నుంచి అంచుకి తుడవండి. గుండ్రంగా పడిన గీత ట్రాక్ వెంట సాగి, ఆ కోడ్ సరిచేయలేనంత పొడవవుతుంది.

అంచుకి ఆకుపచ్చ స్కెచ్ పెన్ పూస్తే శబ్దం బాగుపడుతుందన్న మాట 90ల నుంచీ ఉంది. పెన్ను దండగ.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన ప్లేయర్ మామూలుగా ప్లగ్‌లో పెట్టేయొచ్చు

వాస్తవం: అక్కడ 120 వోల్టులు, జపాన్‌లో 100, మన దగ్గర 230. అల్లుడుగారు డల్లాస్ నుంచి మోసుకొచ్చిన ప్లేయర్‌కి మామగారు అడాప్టర్ పిన్ తగిలించి స్విచ్ వేస్తారు. అదృష్టం బాగుంటే ఫ్యూజ్, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్. వెనక ఏం రాసుందో చదవండి. కొన్నిట్లో వోల్టేజీ మార్చే స్విచ్ గానీ, లోపల జంపర్ గానీ ఉంటుంది. లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. సీడీ ప్లేయర్ తినేది తక్కువ కాబట్టి 100 వీఏది సరిపోతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల పాట నెమ్మదిస్తుందేమోనని కొందరికి టెన్షన్. అది కొన్ని పాత టర్న్‌టేబుళ్ల సంగతి. సీడీ వేగాన్ని లోపలి క్రిస్టల్ నడిపిస్తుంది.

అపోహ: మంచి ప్లేయర్‌లో పాత పాటలు స్టీరియోలో వినిపిస్తాయి

వాస్తవం: ఘంటసాల గారి 50లు, 60ల పాటలు మోనో రికార్డింగులు. సీడీలో రెండు వైపులా ఉన్నది ఒకటే. ఎకో కలిపి స్టీరియో అని అమ్మిన డిస్కులకంటే ముట్టుకోని మోనోయే హాయిగా ఉంటుంది. ఆ మోనో సీడీతో ఇంకో ఉపయోగం ఉంది. స్పీకర్ల మధ్య కూర్చుని వినండి. గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టు రావాలి. గాల్లో తేలుతూ, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా, బేస్ లేకుండా ఉంటే ఒక స్పీకర్ వైర్లలో ప్లస్ మైనస్ తారుమారైనట్టే. లక్షల సిస్టమ్‌లలో ఈ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం చూశాను.

ఇక గది సంగతి. విట్రిఫైడ్ టైల్స్, నాలుగు వైపులా ఖాళీ గోడలు, ఒక పెద్ద గాజు కిటికీ: మన అపార్ట్‌మెంట్ హాల్ అంటే ఇదే కదా. నడి హాల్లో ఒకసారి చప్పట్లు కొట్టండి. ఖంగుమని తోక మిగిలితే, ప్లేయర్ మార్చాలనుకున్న డబ్బులో కొంచెం తీసి మందపాటి తివాచీ, బరువైన కర్టెన్లు కొనండి. స్పీకర్లని మూలల్లోంచి ఇవతలికి జరపండి, దానికి పైసా ఖర్చు లేదు. షోకేస్ అరలో ఇరికించిన స్పీకర్లకి ఏ ప్లేయర్ పెట్టినా ఒకటే గొడవ.

వంద పాటల ఎంపీ3 సీడీ పెట్టి 'ఇంత ఖరీదైనది చదవట్లేదేంటి' అని ఫోన్ చేసేవాళ్లకి: చాలా హై ఎండ్ ప్లేయర్లు ఆడియో సీడీ తప్ప ఇంకేదీ చదవవు, అది లోపం కాదు. ఆడియో సీడీ నుంచి సెకనుకి 1,411 కిలోబిట్లు వస్తే, రోడ్డు పక్క బండి మీద కొన్న ఎంపీ3 128తో సరిపెట్టుకుంటుంది. దాన్ని తిరిగి ఆడియో సీడీగా రాయించినా పోయింది తిరిగి రాదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు 70 నిమిషాలు దాటిన సీడీ ఒకటి వెంట తీసుకెళ్లండి. ప్లేయర్ సీడీని లోపలి నుంచి బయటికి చదువుతుంది, డిస్క్ ఊగిసలాట ఎక్కువగా ఉండేది బయటి అంచులోనే. అందుకే చివరి ట్రాక్ పెట్టమనండి. అమ్మేవాళ్లు ఎప్పుడూ మొదటి పాటే వినిపిస్తారు. అక్కడి నుంచి మొదటి ట్రాక్‌కి, మళ్లీ చివరికి నాలుగైదు సార్లు దూకించండి. వెంటనే పట్టుకుంటోందా, గింజుకుంటోందా చూడండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి పెట్టె మీద చెవి ఆనిస్తే గరగర, టిక్ టిక్ తెలుస్తాయి. ప్లేయర్ అరగంట వేడెక్కాక ఇదంతా మళ్లీ ఒకసారి చేయాలి, చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పాడి వేడెక్కాక మొరాయించేవి చాలా ఉన్నాయి. ఆ అరగంట ఆగడానికి అమ్మే ఆయన ఒప్పుకోకపోతే చాయ్ తాగి వచ్చేయండి.