చేపలు చావలేదు కనుక నీరు మంచిదేనా? హార్మోన్లను దెబ్బతీసే కాలుష్యంపై అపోహలు – వాస్తవాలు

చేపల ప్రత్యుత్పత్తిపై కాలుష్య ప్రభావాన్ని పరీక్షించడం నా వృత్తి. ఈ పనిలో పదే పదే వినే మాట ఒకటుంది: "ఒక్క చేప కూడా చచ్చి తేలలేదు, ఇక నీటికి ఏమైనట్టు?" మత్స్యకారులు అలా అడిగితే అర్థం చేసుకోగలను. నీటి పరీక్షల నివేదిక చేతిలో ఉన్న అధికారులు కూడా అదే మాట అంటే మాత్రం సహించలేను.

వాస్తవమేమిటంటే, నీటిలో సాధారణంగా ఉండే మోతాదుల్లో హార్మోన్ల పనిని దెబ్బతీసే ఈ రసాయనాలు చేపను చంపవు. చేప ఈదుతుంది, తింటుంది, బరువు కూడా పెరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ పడిపోతే తెల్లవారేసరికి చేపలు తేలతాయి కనుక అందరూ చూస్తారు. గుడ్లు ఫలదీకరణ చెందకపోతే గట్టున నిలబడినవారికి కనిపించేదేమీ ఉండదు.

కెనడాలోని ఆంటారియోలో, పరిశోధనలకే కేటాయించిన సరస్సుల్లో 260వ నంబరు సరస్సులో, 2001 నుంచి 2003 వరకు మూడు వేసవులు, గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) అయిన ఇథినైల్ ఈస్ట్రడయోల్‌ను లీటరుకు 5–6 నానోగ్రాముల మోతాదులో ఉండేలా కలిపారు. అంటే వంద కోట్ల లీటర్ల నీటికి ఐదారు గ్రాములు. ఆడచేపలో గుడ్డు సొనకు ముడిసరుకైన విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్‌ను అక్కడి ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవి కూడా తయారుచేయడం మొదలుపెట్టాయి. ఆ జన్యువు మగచేపలోనూ ఉంటుంది, దాన్ని మేల్కొలిపేంత ఈస్ట్రోజెన్ మాత్రం మామూలుగా ఉండదు. వృషణాల ఎదుగుదల కుంటుపడింది, కొన్నింటిలో అండకణాలు కనిపించాయి, చివరికి ఆ జాతి సరస్సులో దాదాపు కనుమరుగైంది. మిన్నోల ఆయుష్షు రెండు మూడేళ్లే కనుక దెబ్బ వెంటనే బయటపడింది. ఎక్కువ కాలం బతికే చేపలైతే ఆ లోటును ఏళ్ల తరబడి దాచేస్తాయి.

ఒక జలాశయం దగ్గర ఒక పెద్దాయన తన వలలోని చేపలను నా ముందు కుమ్మరించి, "చూడండి, ఎంత బలంగా ఉన్నాయో" అన్నారు. నిజమే, అన్నీ పెద్దవే. అరచేతిలో పట్టేంత చేప ఒక్కటీ లేదు. ఆ చేపల్లో ఒక మగదాని వృషణాన్ని పలుచగా కోసి స్లైడ్‌పై చూస్తే, వీర్యకణాల గుంపుల మధ్య గుండ్రని అండకణాలు పొదిగినట్టు ఉన్నాయి. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన భయం నాకిప్పటికీ గుర్తుంది. తాను ఇన్నాళ్లూ ఏదో తప్పు చేశానేమోనని అడిగారు. తప్పు ఆయనది కాదు.

"నివేదికలో అన్నీ పరిమితిలోనే ఉన్నాయి" అన్నది దీనికి తోబుట్టువు లాంటి అపోహ. పీహెచ్ (ఆమ్ల–క్షార స్థాయి), బీఓడీ (సేంద్రియ మలినాలు కుళ్లేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్), కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా కొలిచే పరీక్ష ఈస్ట్రోజెన్ ప్రభావం గురించి ఏమీ చెప్పదు.

నేరమంతా మాత్రలదే అనడమూ సరికాదు. మనుషులు, పశువులు సహజంగా విసర్జించే ఈస్ట్రోన్, ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్లు, కొన్ని డిటర్జెంట్లు విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే నోనైల్‌ఫినాల్ కూడా ఇందులో ఉన్నాయి. ప్రభావం ఎప్పుడూ ఆడ లక్షణాల వైపే ఉండదు: ఫ్లోరిడాలో కాగితపు మిల్లుల వ్యర్థజలాలు కలిసే చోట ఆడ గంబూసియా (దోమ లార్వాలను తినే చిన్న చేప) చేపలకు మగవాటిలాంటి రెక్క పెరిగింది. క్లౌన్ ఫిష్, గ్రూపర్ వంటివి సహజంగానే లింగం మార్చుకుంటాయన్నది నిజమే కాని, వృషణంలో చెల్లాచెదురుగా అండకణాలు పుట్టడం ఆ కోవలోకి రాదు.

ఇలాంటి చేప తింటే మగవారిలో ఆడ లక్షణాలు వస్తాయన్న పుకారుతో ఎందరో భయపడుతున్నారు. విటెల్లోజెనిన్ మిగతా ప్రొటీన్ల లాగే కడుపులో జీర్ణమవుతుంది. చేపలోని ఆ మార్పు మనకు అంటుకునేది కాదు. చేప రాత్రింబవళ్లు ఆ నీటిలోనే మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, మనం అలా కాదు. పాదరసం, పీసీబీల (పారిశ్రామిక రసాయనాలు) వంటివి చేప శరీరంలో పేరుకోవడం వేరే సమస్య, దానికి ఇచ్చే హెచ్చరికలను మాత్రం తప్పక పాటించాలి.

"ఇక చేసేదేమీ లేదు" అని నిట్టూర్చేవారికి ఆ 260వ సరస్సు గురించే మళ్లీ చెబుతాను: హార్మోన్ కలపడం ఆపిన కొన్నేళ్లకు మిన్నోలు తిరిగి పెరిగాయి. మురుగును విడిచే ముందు ఓజోన్‌తోనో యాక్టివేటెడ్ కార్బన్‌తోనో శుద్ధి చేస్తే ఈ రసాయనాలు చాలావరకు తగ్గుతాయి. ఆ పెద్దాయనకు మాత్రం ఒక పని అప్పగించాను: గుడ్లు పెట్టే కాలం ముగిశాక ఒడ్డు వెంట సన్నకన్ను వల వేసి చేపపిల్లలను లెక్కపెట్టి వదిలేయమని, వరుసగా రెండేళ్లు అవి కనిపించకపోతే కొన్ని మగచేపలను ప్రాణంతోనే పరీక్షకు పంపమని.