చైనీస్‌లో ఎంత వంగితే అంత మర్యాదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

చైనీస్ నేర్పడం నా పని, అప్పుడప్పుడు దుబాసీగానూ వెళ్తాను. క్షమాపణల పాఠం దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వింటాను.

అపోహ: సారీకి చైనీస్ ‘దుయ్‌బుచి’. ఎక్కడైనా అదే.

‘మీకు మొహం చూపించలేను’ లాంటి మాట అది. కిక్కిరిసిన బస్సులో దారివ్వమనడానికి అంత బరువెందుకు? ‘బూ హావ్ ఈస్’ చాలు. ఆఫీసులో లెక్క తప్పితే ‘షి వో ద షూహూ’ అనండి, ‘నా ఏమరుపాటే’ అని. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, సాగదీసినట్టూ ఉండదు. ఇక చావు కబురు విన్నప్పుడు? కొత్తలో నేను ఇంగ్లీషు అలవాటుకొద్దీ దుయ్‌బుచి అనేశాను. ‘మీరేం చేశారు?’ అన్నట్టు చూసింది ఆ కబురు చెప్పినావిడ. అక్కడ అనాల్సింది ‘జియే ఆయ్’, దుఃఖం దిగమింగుకోండి అని.

బరువు తగ్గినా ముప్పే. 1972 సెప్టెంబరులో జపాన్ ప్రధాని తనాకా కకుఎయి బీజింగ్ విందులో గత యుద్ధం గురించి అన్న మాట చైనీస్‌లోకి ‘థియెన్ మాఫాన్’గా దిగింది. మీకు శ్రమ కలిగించాం అని! ఆడమనిషి స్కర్టు మీద నీళ్లొలికితే అనే మాట అదని చైనా ప్రధాని చౌ ఎన్‌లై అభ్యంతరం చెప్పారు.

అపోహ: తనను ఎంత కించపరుచుకుంటే అంత గౌరవం.

కొడుకుని ‘చ్వెన్‌జ’, అంటే కుక్కపిల్ల అనడం పాతకాలం మర్యాద. ఇప్పుడు మామూలు మాటల్లో అంటే నవ్వుతారు. పొగిడితే ‘నాలి నాలి’ (ఎక్కడండీ, ఎక్కడ) అనడం ఇంకా ఉంది కానీ కుర్రకారు హాయిగా ‘షియేషియే’ (థాంక్స్) అనేస్తారు. నా ఓటూ దానికే.

మనవాళ్లు జారేది ఇంకోచోట. ‘నిన్ గ్వే షింగ్?’ అంటే తమరి ఇంటిపేరు ఏమిటని. ‘గ్వే’ ఎదుటివారికిచ్చే గౌరవం. మన విద్యార్థి ఠక్కున ‘వో గ్వే షింగ్ రెడ్డి’ అంటాడు. ‘నా పేరు రెడ్డిగారు’ అన్నట్టు! ‘మియెన్ గ్వే, షింగ్ రెడ్డి’ అనాలి, ఆ ‘గారు’ వద్దులెండి అని.

అపోహ: వాళ్ల సామెతలు మనకు పట్టుబడవు.

పట్టుబడకేం! వడ్రంగులకు ఆదిగురువు లూ బాన్. ఆయన గుమ్మం ముందు గొడ్డలి తిప్పడం ‘బాన్ మెన్ నోంగ్ ఫూ’. హనుమంతుడి ముందు కుప్పిగంతులే. కాకపోతే మనం దాన్ని ఎక్కువగా ఎదుటివాడి మీద విసురుతాం. వాళ్లు పెద్దల ముందు నోరు విప్పబోతూ తమ మీదే వేసుకుంటారు.