అన్ని ట్యాంకులుండీ హిట్లర్ రష్యాలో ఎందుకు ఓడాడు?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో బుజ్జిగాడు అడిగాడు: "తాతయ్యా, హిట్లర్ దగ్గర అన్ని ట్యాంకులుండి కూడా రష్యాలో ఎందుకు ఓడిపోయాడు? మా టీచర్ చలి వల్ల అన్నారు." చలి మాట నిజమే, కానీ అది ముదరకముందే జర్మన్ల పని చెడింది.

చిన్నప్పుడు వరిగడ్డి బండెక్కి మా నాన్నతో పొరుగూళ్లకు వెళ్లేవాణ్ణి. మోపుల మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తూ, ఇరుసు కిర్రుకిర్రుమంటుంటే నిద్రపోవడం ఎంత హాయో! అయితే దారిలో ఎడ్లు తినేదీ ఆ బండిలో గడ్డే. పక్కూరికైతే ఒకటి రెండు మోపులు తగ్గుతాయి, ఇంకా దూరమైతే సగం వాటి కడుపులోకే పోతుంది, మరీ దూరం పోతే బండి చేరుతుంది గానీ గడ్డి చేరదు.

1941 జూన్ 22న 30 లక్షలకు పైగా సైనికులతో సోవియట్ యూనియన్ (రష్యా అప్పుడు అందులో భాగం) మీద పడిన జర్మనీకి ఇదే జరిగింది. సినిమాల్లో ట్యాంకులే చూపిస్తారు, నిజానికి ఆ సైన్యం వెంట 6 లక్షలకు పైగా గుర్రాలున్నాయి, వాటికి మేత కావాలి. పెట్రోలు మోసే లారీ కూడా పెట్రోలే తాగుతుంది, అదీ మన ఎద్దే. రైల్లో తెచ్చుకుందామంటే అక్కడి పట్టాల వెడల్పు జర్మనీ పట్టాల కంటే దాదాపు 9 సెంటీమీటర్లు ఎక్కువ, విప్పి జరిపి మళ్లీ బిగించుకుంటూ పోవాలి. అక్టోబరు వానలకు మట్టిరోడ్లన్నీ బురదైపోయాయి. కొన్ని నెలల్లో అయిపోతుందనుకున్న యుద్ధం డిసెంబరుకు మాస్కో ముందు ఆగిపోయింది, బండిలో గడ్డి అడుగంటింది.

సోవియట్ వాళ్లు వెనక్కి జరగడమంతా ముందే వేసుకున్న ఎత్తు అనుకోకండి, మొదటి నెలల్లో వాళ్ల సైనికులు లక్షల్లో పట్టుబడ్డారు. కానీ పోతూ పోతూ వంతెనలు కూల్చారు, పంటలు తగలబెట్టారు, 1,500కు పైగా ఫ్యాక్టరీలను విప్పి రైళ్లకెక్కించి ఉరల్ కొండల వైపు, ఇంకా తూర్పుకీ తరలించారు. ఫ్యాక్టరీని మూటగట్టుకుని పోవడం ఊహించుకోండి! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆకలేసిన ఎద్దు పరాయి చేలో పడి మేస్తుంది. జర్మన్ సైన్యం కూడా అక్కడి ధాన్యమే తిని బతకాలని ముందే అనుకుంది, అక్కడి జనం మాడి చచ్చినా సరే అని. ఇక్కడ నా బండి పోలిక పనికిరాదు. ఎద్దుకు తెలియదు, వీళ్లు తెలిసి, కాగితం మీద లెక్కలేసుకుని చేశారు. లెనిన్‌గ్రాద్ అనే పెద్ద నగరాన్ని చుట్టుముట్టి తిండి రానివ్వలేదు. 1941 చలికాలంలో అక్కడ కొన్ని వారాలపాటు మీ వయసు పిల్లలకు రోజుకు దక్కింది 125 గ్రాముల రొట్టె. యుద్ధాల గురించి చదివేటప్పుడు మ్యాపుల్లోని బాణం గుర్తులతో పాటు ఇదీ చదవాలి, నాన్నా.

మిగతాది మీరే చూడండి. అట్లాసు తీసి వార్సా నుంచి మాస్కో దాకా దారం పెట్టి తుంచండి. అదే దారం మాస్కో నుంచి తూర్పున వ్లాడివొస్టాక్ దాకా ఎన్నిసార్లు పడుతుందో కొలిచి, ఆదివారం నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య